రెండో ఒప్పుకోలు

మొయినాబాద్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో సుధాకర్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. లోపల అతని తల్లి శకుంతలమ్మ స్పృహ లేకుండా పడి ఉంది. మూడేళ్ల కింద ఒక సూదిమందు పడక ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ఆ మందు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అది తెలియకుండా ఇప్పుడు సూది వేయడం ప్రమాదమని డాక్టర్ ప్రేమజ్యోతి తేల్చి చెప్పింది.

పేరు ఎక్కడికీ పోలేదు, ఎవరూ మార్చలేకుండా రికార్డులు దాచే బ్లాక్‌చెయిన్ యాప్‌లో భద్రంగా ఉంది. మరీ అంత భద్రమేమిటో! తమ ఊరు ముడిమ్యాలలో ఆ యాప్‌వాళ్లు క్యాంపు పెట్టినప్పుడు శకుంతలమ్మ తన రిపోర్టులన్నీ అందులో ఎక్కించుకుంది. ఆమె వేలిముద్ర వేయలేని స్థితిలో ఉంటే, ఆమె ఎంచుకున్న ఇద్దరూ ఎవరి ఫోన్లో వాళ్లు ఒప్పుకుంటేనే అవి తెరుచుకుంటాయి. ఒకరు సుధాకర్. రెండోవాడు యాదగిరి అని ఇవాళే తెలిసి సుధాకర్‌కు ఒళ్లు మండింది.

యాదగిరి అతనికి పెదనాన్న కొడుకు. మొన్నటి సర్పంచ్ ఎన్నికల్లో సుధాకర్ మీద నిలబడి పద్నాలుగు ఓట్లతో గెలిచాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఒక ఇంట్లో ఫంక్షనైతే రెండో ఇంటివాళ్లకు ఆ రోజే చేవెళ్లలో పని పడుతుంది.

కౌంటర్ తెరమీద "ఇద్దరిలో ఒకరు ఒప్పుకున్నారు" అన్న ముక్క అరగంటగా కదలడం లేదు.

"వాడు నొక్కడు మేడమ్. నా మీది పగ మా అమ్మ మీద తీర్చుకుంటున్నడు," అన్నాడు సుధాకర్.

"పగ సంగతి తర్వాత. ముందు ఫోన్ చెయ్యండి," అని డాక్టర్ విసుక్కుంది.

చేయడానికి మనసొప్పలేదు. అద్దంలోంచి తల్లి ముఖం చూశాక ఆగలేకపోయాడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. అమ్మకు సీరియస్‌గ ఉన్నది. జర ఒప్పుకో."

"అరే, చిన్నమ్మ పేరు కనవడంగనే నొక్కిన. బండి మీద వస్తున్న, కనకమామిడి దాటిన. నువ్వు నొక్కినవా?"

కౌంటర్‌లో ఫోన్ నంబరు చెప్పడంతోనే తన ఒప్పుకోలు అయిపోయిందని ఇంతసేపూ అనుకున్నాడు సుధాకర్. గబగబా యాప్ తెరిచాడు. పార్టీ గ్రూపు మెసేజీల కింద పడి కనిపించని నోటీసు అక్కడుంది: "మీ అనుమతి రావాలి." వచ్చి నలభై నిమిషాలైంది.

నొక్కాడు. కౌంటర్ తెరమీద మందు పేరు చదువుకుని ప్రేమజ్యోతి లోపలికి పరుగెత్తింది.

"ఏందిరా, సప్పుడు జేస్తలేవు? నొక్కినవా లేదా?" యాదగిరి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

"ఇప్పుడే నొక్కిన అన్నా," అన్నాడు సుధాకర్ సిగ్గుతో.