బాణం లేని గడి

ఆల్మాటీ కొండమీది ముప్పై అడవి ఆపిల్ చెట్లకు తెగులు సోకిందని మా ల్యాబు తేల్చింది. మధ్యాహ్నం వాటిని నరికేస్తారు. ఆ చెట్ల కాపలాదారు కెంజెబెక్ తాత పొద్దున్నే వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు.

"ఒక్క ఆకుకూ మచ్చ లేదే! నీ కంప్యూటరు ఎప్పుడన్నా చెట్టెక్కి చూసిందా?"

ఆకుల నమూనాల్లో తెగులు జాడ వెతికే ఆ లెక్కకు నలభై అంచెలు. అన్నీ ఒకే ఫైల్లో రాసింది నేనే. మూడుసార్లు చదివినా తప్పు దొరకలేదు. ఇక ఆ ఫైలును బొమ్మగా మార్చే చిన్న ప్రోగ్రాము రాశాను. ఒక్కో అంచెకు ఒక గడి, దాని ఫలితం ఎటు పోతుందో చూపే బాణం.

బొమ్మ తెర మీదికి రాగానే తాత వేలు పెట్టాడు. "ఈ గడిలోంచి బాణం బయటికి రాలేదేం? కాలవ తవ్వి మడికి నీళ్లు వదల్లేదా?"

అది ల్యాబు సీసాలకు ముందే అంటుకుని ఉన్న పాత తెగులు జాడల్ని వడగట్టే అంచె. వడగట్టింది అక్కడే ఆగిపోయింది. చివరి లెక్క మాత్రం వడగట్టని సమాచారంతోనే జరిగింది!

"నా మొహం మండా!" అంటూ బాణం కలిపి మళ్లీ నడిపాను. ఒక్క చెట్టుకూ తెగులు లేదు.

కొండమీదికి ఫోన్ చేసి నరకొద్దన్నాను. రంపాలు ఇంకా బండిలోనే ఉన్నాయట.

తాత టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు టీ పొయ్ తల్లీ. పాలు దండిగా పొయ్."