బొట్టు పెట్టి పిలిచిన బజారు

శౌరికి సోడా మిషను తిప్పడం వచ్చు, గోలీ సీసాను టప్పుమని కొట్టడం వచ్చు, వచ్చినవాడి ఊరు కనుక్కుని వాడి తాతను పొగడడం కూడా వచ్చు. రానిదల్లా బావమరిది అరుగు మీద కూర్చోవడం. పంతొమ్మిది వందల నలభై ఒకటి వేసవి నాటికి ఆ విద్య కూడా నేర్చుకోక తప్పేట్టు లేదు.

రైలొచ్చి గురజాల బాగుపడిందని అందరూ అంటారు. పాత బజారు వాళ్ళనడిగితే వేరే మాట చెబుతారు. మిరపకాయల బళ్ళు నేరుగా స్టేషనుకే పోతున్నాయి. బస్తాలు దించిన రైతు అక్కడే వెలిసిన కొత్త కొట్లలో పెళ్ళానికో చీర కొని, ఇంత కాఫీ తాగి, వచ్చిన దారినే ఇంటికి పోతున్నాడు. పాత బజారులో బట్టల కొట్టు వెంకట్రామయ్య చాప మీద నిద్రపోతుంటే లేపే నాథుడు లేడు. గిన్నెల కొట్టు మౌలాలీ తోమిన బిందెలే మళ్ళీ తోముకుంటున్నాడు. శౌరి సోడా కొట్టుదీ అదే బజారు, అదే గతి.

స్టేషను ఎదుట కాఫీ హోటలు పెట్టినవాడు జక్కయ్య, శౌరి భార్య ఫిలోమినాకు స్వయానా తమ్ముడు. మంచివాడే, కానీ చేసే మంచి నలుగురి ముందు చెప్పకపోతే నిద్ర పట్టదు. “మీ బజారు ఈగలు కూడా మా కాడికే వచ్చినయి బావా. మా అరుగు మీద మూల ఖాళీగుంది, మిషను తెచ్చి పెట్టుకో” అని హోటలు నిండా జనం ఉన్నప్పుడే అనేవాడు. ఫిలోమినాకు అందులో తప్పేమీ కనిపించలేదు. మగవాడి పౌరుషం పోపులోకి కూడా పనికిరాదని ఆమె అభిప్రాయం. శౌరికి మాత్రం పెళ్ళాం తమ్ముడి చూరు కింద కూర్చుని, వాడు చెయ్యి ఊపినప్పుడల్లా సోడా కొట్టడం కన్నా ఊళ్ళు పట్టుకుని పోవడం నయమనిపించేది.

ఆ సమయంలో బడి పంతులు ప్రభాకరరావు మద్రాసు వెళ్ళి ఎగ్జిబిషను చూసి వచ్చాడు. ఆటా పాటా పెడితే జనం వస్తారు, వచ్చిన జనం ఊరికే పోరు, ఏదో ఒకటి కొంటారు, మద్రాసు అంతా అలాగే బతుకుతోందని చెప్పాడు. మనమూ బజారు పండగ చేద్దామన్నాడు. పొద్దున కోలాటం, సాయంత్రం బజారు చివర ఎడ్ల బండలాగుడు. వెంకట్రామయ్య చాప మీద పూర్తిగా లేచి కూర్చున్నాడు.

శౌరి ఆ ఉత్సాహంలో ఇంటికి వెళ్ళి భార్యకు మాటిచ్చేశాడు. పండగనాటి సాయంత్రానికి గల్లాపెట్టె నిండకపోతే మిషను స్టేషనుకు తరలిస్తాడు, మళ్ళీ నోరెత్తడు. ఫిలోమినా సిలువ గుర్తు వేసుకుని మరీ ఆ మాట గుర్తుపెట్టుకుంది.

ఇక జనాన్ని ఎలా రప్పించాలన్నది తేలాలి. పంతులు దండోరా వేయిద్దామన్నాడు. శౌరి ఒప్పుకోలేదు.

“దండోరా వేత్తే శిస్తు కట్టమంటున్నారనుకుని చేలల్లోకి పారిపోతారు మాస్టారూ. మా పల్నాటోళ్ళకు పిలుపు ముఖ్యం. బొట్టు పెట్టి పిలిస్తే జొరం మీదున్నోడు కూడా బండెక్కుతాడు.”

నిజమేనని అందరూ తలలూపారు. నిజం గనకనే కొంప మునిగింది.

గాజుల కొట్టు సీతారావమ్మ కుంకుమ భరిణె పట్టుకుంది, శౌరి తాంబూలం పళ్ళెం పట్టుకున్నాడు. బండి కట్టించుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారు. ఆమె ఆడవాళ్ళకు బొట్టు పెడితే అతను మగవాళ్ళ చేతిలో ఆకూ వక్కా పెట్టాడు. కిరస్తానీ గడపల్లో బొట్టు లేదు గనక ఆకూ వక్కతోనే సరిపెట్టి, మాట మాత్రం అదే చెప్పారు. ఆ మాట సీతారావమ్మకు నోటికి అలవాటైపోయింది, నలుగురు ఆడపిల్లల పెళ్ళిళ్ళకు పిలిచిన నోరు మరి. “ఇంటిల్లిపాదీ రావాలమ్మా. ఆ రోజు మీ ఇంట పొయ్యి వెలగకూడదు” అనేది. ఎంత ఘనంగా ఉంది పిలుపు అని శౌరి ప్రతి గడపలోనూ మురిసిపోయాడు. రాన్రానూ ఆమెకన్నా ముందు తనే అనడం మొదలుపెట్టాడు. స్టేషను రోడ్డును మాత్రం వదిలేశారు, పోటీ బజారుకు పిలుపేమిటని. జక్కయ్యకు ఆకు అందలేదు.

పండగనాడు పొద్దెక్కకముందే గూడుబళ్ళు దిగడం మొదలైంది. పెట్టెల అడుగున ఉన్న పట్టుచీరలన్నీ బయటికొచ్చాయి, ఎడ్ల కొమ్ములకు రంగులు వేశారు. పాత బజారులో ఇసక వేస్తే రాలనంత జనం. అది చూసి శౌరికి కళ్ళు చెమర్చాయి. ఒక బండిలోంచి అంజమ్మ అనే ముసలావిడ దిగి, పెద్ద గుమ్మడికాయ ఒకటి తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. అమ్మకానికేమో అనుకుని ధర అడగబోయేలోగా ఆవిడ అరుగెక్కి, కాళ్ళు చాపుకుని, పిల్లలెంతమంది అని అడిగింది. వెనకే ఒకాయన దోసకాయల బుట్ట దించాడు. ఇంకొకామె నేతిచెంబు ఫిలోమినాకు అందించి చల్లగా ఉండమని దీవించింది. ఇదేమి వింతో శౌరికి అంతుపట్టలేదు.

వెంకట్రామయ్య కొట్టు నిండా ఆడవాళ్ళే. ఆయన చీరలు పరిచి చూపిస్తుంటే బాగున్నాయని మెచ్చుకుని, మడతపెట్టి మరీ తిరిగి ఇస్తున్నారు. మౌలాలీ బిందెల్ని వేళ్ళతో మోగించి సంతోషపడి దించేస్తున్నారు. ధర అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. కోలాటం బ్రహ్మాండంగా జరిగింది. గల్లాపెట్టెలు మాత్రం పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మద్రాసులో కూడా ముందు చూస్తారు, తర్వాతే కొంటారని పంతులు ధైర్యం చెప్పాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక అంజమ్మ శౌరిని దగ్గరకు పిలిచింది.

“వంట యాడ చేత్తన్నారయ్యా? పొగ కనపడదేంది?”

“ఏం వంట పెద్దమ్మా?”

“పొయ్యి ముట్టించొద్దంటివి గదా. ముట్టించకుండానే వచ్చాం. పిల్లలు ఆకలికి ఆగలేకుండా ఉన్నారు.”

శౌరి మూలనున్న గుమ్మడికాయ వంక చూశాడు. అది అమ్మకానికి తెచ్చింది కాదు, చుట్టం వట్టి చేతులతో రాకూడదని తెచ్చింది. పిలుపు మీద వచ్చిన చుట్టం ఎక్కడైనా ధర అడుగుతుందా? బజారు నిండా ఉన్నది గిరాకీ కాదు, పెళ్ళివారు. పెళ్ళి ఒక్కటే తక్కువ.

కొట్లవాళ్ళందరూ వెంకట్రామయ్య పెరట్లో గుమిగూడారు. పొరపాటు జరిగిందని గట్టిగా చెప్పేసి చేతులు దులుపుకుందామన్నాడు పంతులు. వెంకట్రామయ్య అతని వంక జాలిగా చూశాడు. కోడిపందెం దగ్గర మాట తేడా వచ్చి యుద్ధాలు చేసుకున్న గడ్డ ఇది. పొయ్యి ఆర్పించి పిలిచి, పస్తు పంపితే ఇక పిలిచినవాడు ఆ ఊళ్ళ పొలిమేర తొక్కగలడా?

“పిలిచిన నోరు నాది. పెట్టాల్సిందే” అన్నాడు శౌరి. అన్నం పెట్టాక ఇక ఎవరూ ఏమీ కొనరని అతనికి తెలుసు. భార్యకిచ్చిన మాటా గుర్తుంది, స్టేషను అరుగూ కళ్ళముందే ఉంది. తెలిసే అన్నాడు.

వెంకట్రామయ్య ఇంట్లో వడ్ల గాదె పక్కన దాచిన బియ్యం బస్తాలు బయటికి తీయించాడు. మౌలాలీ తళతళలాడే కొత్త గిన్నెలు కిందికి దించి, మసి పట్టిన గిన్నె మళ్ళీ కొత్తదవుతుందా అని అందర్నీ అడిగి, కాదని తనే జవాబు చెప్పుకుని, పొయ్యి మీద పెట్టాడు. ఎవరి వంట వాళ్ళది, ఎవరి పంక్తి వాళ్ళది, ఆ రోజుల్లో అంతే. వెంకట్రామయ్య పెరట్లో ఒక పొయ్యి, మౌలాలీ ఇంటి వెనక ఒకటి, సోడా కొట్టు పక్కన ఫిలోమినా కొంగు బిగించి వెలిగించినది ఒకటి. చుట్టాలు తెచ్చిన గుమ్మడికాయలు చుట్టాల పులుసులోకే పోయాయి. శౌరి తన సోడాలన్నీ మూడు పంక్తుల్లోనూ పంచేశాడు. సీసా పైకెత్తి పోసుకుంటే ఎంగిలి లేదని పెద్దలు తేల్చారు. పంక్తులు వేరైనా త్రేన్పులు మాత్రం ఒక్కలాగే వినిపించాయి.

అంతటితో అయిపోలేదు. భోంచేసిన ఆడపడుచును వట్టి చేతులతో పంపకూడదని సీతారావమ్మ పట్టుబట్టింది. ఆమె గాజులు తొడిగింది, వెంకట్రామయ్య రవికె గుడ్డలు చించి ఇచ్చాడు. చించుతూ ఆయన చూసిన చూపుకు పంతులు మళ్ళీ మద్రాసు పేరెత్తలేదు.

బండలాగుడు కూడా చూసుకుని బళ్ళు వెళ్ళిపోతుంటే శౌరి ఖాళీ సీసాల మధ్య కూర్చున్నాడు. ఫిలోమినా వచ్చింది, గల్లాపెట్టె వైపు చూడలేదు. తమ్ముడు బజారు మొదట్లో నిలబడ్డాడని, పొద్దున్నించీ హోటలుకు నరమానవుడు రాలేదని, పిలవలేదు గనక లోపలికి రాడని చెప్పింది. శౌరికి ముందు చెప్పలేనంత సంతోషం కలిగింది, దాచడం దేనికి. వెంటనే సిగ్గేసింది. ఊళ్ళకు ఊళ్ళు తిని వెళ్ళిన రోజున ఇంటివాడొక్కడు వీధి మొదట్లో నిలబడ్డాడు. పళ్ళెంలో మిగిలిన ఆకులు తీసుకుని వెళ్ళి వాడి చేతిలో పెట్టాడు. ఈ పూట మీ ఇంట పొయ్యి వెలగకూడదు రమ్మన్నాడు. జక్కయ్య మారుమాట్లాడకుండా వచ్చి, అడిగి అడిగి వడ్డించుకుని తిన్నాడు. కడుపు నిండాక నోరు తిరిగొచ్చింది. సోమవారం పొద్దున్నే బండి తెస్తానని చెప్పి వెళ్ళాడు.

తెచ్చాడు కూడా. మాటిచ్చినవాడు గనక శౌరి గొణగలేదు. మిషను గడ్డిలో పెట్టి, సీసాల పెట్టె ఎక్కించి, శవం వెంట నడిచినట్టు బండి వెనక నడిచాడు. జక్కయ్య తోలుతూ, అరుగు మీద ఏ మూల కూర్చోవాలో, గిరాకీని ఏమని పలకరించాలో దారి పొడుగునా చెబుతున్నాడు. స్టేషను మలుపు దగ్గర మిరపకాయలు దించిన బళ్ళు వరసగా ఎదురొచ్చాయి. ముందు బండిలో అంజమ్మ ఉంది.

“యాడికయ్యా సామానంతా కట్టుకుని?”

శౌరి తల దించుకుని స్టేషను వైపు చూపించాడు.

“మేం మీ బజారుకొత్తంటే నువ్విటు పోతే ఎట్టా? తిన్న చెయ్యి ఊరుకుంటదా? అంత బజారుకు తిరిగి భోజనం పెట్టే తాహతు మాకు లేదు. అందుకని ఊరోళ్ళమంతా అనుకున్నాం, ఏం కొన్నా మీ కాడే కొనాలని. మా మనవరాలి పెళ్ళిబట్టలు ఆ వెంకట్రామయ్య కాడే. ముందు సోడా కొట్టు, దప్పికేత్తంది.”

ఆవిడ వెనక బళ్ళన్నీ స్టేషను కొట్లు దాటుకుని ఇటే వస్తున్నాయి. శౌరి చెయ్యి సీసాల పెట్టె మీదికి పోయింది. కానీ మాట ఫిలోమినాకిచ్చింది, బండి జక్కయ్యది. అతను బావమరిది వంక చూశాడు. జక్కయ్య పగ్గాలు పట్టుకుని ఎటూ తోలకుండా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చాలాసేపు కూర్చుని, చివరికి ఎడ్లను అదిలించి బండిని వెనక్కి తిప్పాడు.

“మా అక్కకు నేను చెప్తాలే బావా” అన్నాడు. “నేనూ తిన్నా గదా.”

మిషను దించి పాత చోటనే పెట్టింది కూడా జక్కయ్యే. శౌరి మొదటి సోడా అంజమ్మకు కొట్టి, రెండోది వాడి చేతికిచ్చాడు. వాడు తాగి, మూతి తుడుచుకుని, డబ్బులు తీశాడు. చుట్టం దగ్గర పుచ్చుకోకూడదని శౌరికి తెలుసు. తిన్నవాడు తిరిగి పెడతానంటే కాదనకూడదని కూడా ఇప్పుడు తెలిసింది గనక, పుచ్చుకుని గల్లాపెట్టెలో వేశాడు. అప్పటికే వెంకట్రామయ్య కొట్లోంచి అంజమ్మ బేరం వీధంతా వినిపిస్తోంది. చుట్టాలం కదా అని పెళ్ళిచీరను సగం ధరకు అడుగుతోంది.