సత్యవేణి రక్తంలో నేను

నేను ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్కను. కంటికి ఆనను. శాస్త్రజ్ఞులు నాకు పెట్టిన పేరులో సగం అంకెలే, నోరారా ఎవరూ పిలవరు. పుట్టింది సత్యవేణి కడుపులో, తల్లికీ బిడ్డకీ మధ్య ఉండే మాయలో. ఆ మాయే చిన్న కొవ్వు తిత్తిలో పెట్టి నన్ను ఆమె రక్తంలోకి వదిలింది. నా పని ఏమిటో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చెప్పకపోతే కథే లేదు.

తిన్నది చక్కెరై రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ వెళ్ళి కండరాల తలుపు తట్టి తీసుకోమంటుంది. నేను ముందే వెళ్ళి, ఆ పిలుపు వినిపించుకోవద్దని కండరాలకు చెప్పి వస్తాను. తల్లి ఒళ్ళు తీసుకోకపోతే ఆ చక్కెర బిడ్డకు మిగులుతుంది కదా! ఏ కడుపులోనైనా మావాళ్ళు కాస్తో కూస్తో చేసే పనే ఇది. సత్యవేణి కడుపులో మాత్రం మేము అడ్డూ అదుపూ లేకుండా పుట్టుకొచ్చాం. రక్తంలో చక్కెర పేరుకుపోతున్నా మాకు పట్టలేదు.

నేను పుట్టిన రోజే ఆమె తల్లి బుల్లెమ్మ వచ్చింది. లంక ఊరి నుంచి పడవ దాటి, బేసిన్ నిండా చలిమిడి మోసుకొచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్ళు చలిమిడి పెడితే కడుపు చల్లగా ఉంటుందని వీళ్ళ నమ్మకం. సత్యవేణికి షుగర్ కనిపిస్తోందని, తీపి ముట్టవద్దని డాక్టరు చెప్పిన సంగతి బుల్లెమ్మకు తెలుసు. అయినా తెచ్చింది.

“కొంచెం తినవే తల్లీ. పోయినసారి తేలేకపోయాను. అందుకే కదా అలాగయ్యింది.”

పోయినసారి అంటే మొదటి కాన్పు. అప్పుడు గోదారి పొంగి పడవలు ఆగిపోయాయి. బుల్లెమ్మ రాలేకపోయింది. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. పుట్టింటి చలిమిడి పడకే ఇలా జరిగిందని అత్తవారి వైపు ఎవరో అన్నారు. ఆ మాటను బుల్లెమ్మ నమ్మేసింది.

సత్యవేణి నమ్మలేదు. కానీ తినకపోతే తల్లి ఇంకా కుంగిపోతుందని వంటింట్లో కూర్చుని, “బాగుందమ్మా” అంటూ ముద్ద మీద ముద్ద తింది. మనుషులు ఒకరి మనసు నొప్పించకూడదని తమ ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాకు వింతే. ఆ తీపంతా వచ్చి రక్తంలో పడింది. పాపం, ఇన్సులిన్ ఒకటే పరుగులు పెట్టింది. నేను నా పని నేను చేశాను. ఎంత బాగా చేశానో తలచుకుంటే, తల ఉంటే దించుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో రక్తం తీశారు. పరీక్షకు ఒక గొట్టం. ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్న డాక్టరు అనసూయ కోసం, సత్యవేణి ఒప్పుకుని ఇచ్చిన గొట్టం మరొకటి. నేను ఆ రెండోదాంట్లో పడి డాక్టరు బల్ల మీదికి చేరాను.

“తీపి ఏమైనా తిన్నావా అమ్మా?” అడిగారు డాక్టరు.

“లేదండి,” అంది సత్యవేణి, నేల చూపులు చూస్తూ.

“అబద్ధవండి. నేనే పెట్టానండి,” అంది బుల్లెమ్మ. “పోయినసారి పెట్టకే బిడ్డ దక్కలేదండి. దీన్నేం అనకండి.”

డాక్టరు కోప్పడబోయి ఆగిపోయారు. “చలిమిడి పెట్టకపోతే బిడ్డ పోదమ్మా. అప్పుడు కూడా షుగరే ఉండి, ఎవరూ చూసుకోలేదేమో. ఈసారి తెలిసింది కదా! ఇవాళే ఇన్సులిన్ మొదలుపెడదాం. జాగ్రత్తగా ఉంటే బిడ్డను కాపాడుకోవచ్చు.”

“అయితే నా వల్ల కాదాండి?” బుల్లెమ్మ అడిగింది. నమ్మకం కుదరక మళ్ళీ అడిగింది.

“కాదమ్మా. మాయలోంచి రక్తంలోకి కొన్ని అణువులు వస్తాయి. అవి ఇన్సులిన్ మాట ఒంటికి ఎక్కనివ్వవు. ఈ జబ్బులో వాటి చేయి ఎంతుందో చూస్తున్నాం. ఆ గొట్టంలో ఉంటాయి.”

ఇద్దరూ నావైపు తిరిగారు. బుల్లెమ్మ కళ్ళలో కోపం చూసి నాకు ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్ళూ ఆమె మోసిన నింద మావాళ్ళదే. నా మీదే పడనీ అనుకున్నాను.

“పుట్టని పసిగుడ్డంటే వాటికెందుకండీ అంత పగ?” అడిగింది బుల్లెమ్మ.

“పగ కాదమ్మా. బిడ్డకు ఎక్కడ తక్కువవుతుందో అని ఎక్కువ పెట్టేస్తాయి. అంతే.”

బుల్లెమ్మ మళ్ళీ గొట్టం వైపు చూసింది. కోపం పోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“అయితే అయ్యీ నాలాంటియ్యేనన్నమాట,” అంది.

నన్ను నాలుగు తిట్టి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదు.