పంతొమ్మిదో చేప

కలకత్తా పత్రిక నుంచి వచ్చిన తన వ్యాసం ప్రూఫుల్లో ఒక వాక్యం దగ్గర దేవనాథన్ చూపు మూడు రోజులుగా ఆగిపోతోంది. "ఈ జాతి నల్లమడుగులో విస్తారంగా కనిపిస్తుంది." రాసింది తనే.

తిరుపతి కాలేజీలో పన్నెండేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నవాడు, లోకానికి తెలియని చేపనొకదాన్ని వర్ణించాడు. వేలెడంత ఒళ్లు, తోక మొదట్లో నల్లమచ్చ, పక్కగీత మీద ఇరవైరెండు పొలుసులు. ఆ కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చేప తినని ఇంట పుట్టినవాడికి గొంతులో ముల్లు దిగితే ఎలా ఉంటుందో తెలియదు. ఆ వాక్యం వల్ల ఇప్పుడు తెలుస్తోంది.

సోమవారం ప్రూఫులు తిప్పి పంపాలి. మడుగు చూసి రావడానికి శనివారం పొద్దున్నే బాకరాపేట బస్సెక్కాడు. సంచీలో ప్రూఫులు, బొరుగుల పొట్లం, అలవాటు కొద్దీ, పట్టిన చేపల్ని నిలవ ఉంచే ఫార్మలిన్ సీసా.

కిందటి ఏప్రిల్లో ఇదే దారిన అటెండరు కుప్పుస్వామితో వచ్చాడు. వల వేయడం తనకు రాదంటే కుప్పుస్వామి నవ్వాడు.

"వలెందుకు సార్? ఎండిన మంగకాయలు నలిపి నీళ్లలో ఏస్తే సాలు. మత్తెక్కి అయ్యే తేలతాయి. పూలేరుకున్నట్టు ఏరుకోవచ్చు."

"అన్నీ తేలతాయా?" అని అడిగాడు దేవనాథన్. అడిగి, జవాబు కోసం ఆగలేదు.

అరగంటలో మడుగంతా తెల్లటి పొట్టలు. మంచివి చూసి పద్దెనిమిది ఏరుకుని, తక్కినవి అక్కడే వదిలేశారు. ఆ తెల్లదనం చూసినప్పుడు తనకు కలిగింది జాలి కాదు, ఆనందం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అతడు చేరేసరికి నల్లమడుగు ఒడ్డున చెంగమ్మ మేకలు మేపుతోంది. ఏప్రిల్లో కాయలు వేయకముందు గుప్పెడు బొరుగులు చల్లి, నీళ్లు ఉడికినట్టు చేపలు ఎగబడటం చూపించింది ఆమే.

"మళ్లా వచ్చినావా సామీ?"

"చేపలున్నాయా చెంగమ్మా?"

"యాడుండాయి? మీరు పొయ్యినంక రోజూ ఏస్తానే ఉండా. బొరుగులు అట్నే నాని మునిగిపోతాయి. వానకి కొత్తనీళ్లు వచ్చినా ఒగటీ రాలేదు." ఆమె అతని సంచీ వైపు చూసింది. "సీసాలో ఏసుకోని పొయ్యినావు గదా, వాటికేమన్నా ఏస్తివా బొరుగులు?"

దేవనాథన్ బండ మీద కూర్చుని బొరుగులు చల్లాడు. అవి తేలుతూ విడిపోయి, మెల్లగా గట్టు వైపు జరిగాయి. కింద ఒక్క చేపా కదల్లేదు. మరోమారు చల్లాడు. లోకానికి ఆ చేప ఉందని చెప్పబోతున్నాడు, అది ఉందో లేదో తెలియకుండా. తెలియకుండానా?

ఎండ నెత్తికెక్కింది. బండ నీడలో ఒక బొరుగు చటుక్కున మునిగింది. పైకి రాలేదు. పక్కది కూడా మునిగింది. తోక మొదట్లో నల్లమచ్చ.

"పంతొమ్మిది," అంది నోరు.

కిందికి చూసుకున్నాడు. కుడిచెయ్యి సంచీలో ఉంది. సీసా మూత సగం తిరిగి ఉంది. ఫార్మలిన్ వాసన కళ్లలోకి కొట్టింది. ఎప్పుడు తిప్పాడో తెలియదు. ఇది చేప లేదేమోనని వెంట తెచ్చుకున్న భయం కాదు, తన చెయ్యంటేనే భయం. మూత బిగించబోతే వేళ్లు మాట వినలేదు.

"చెంగమ్మా, ఒకటి ఉంది. ఎవరొచ్చి అడిగినా లేవని చెప్పు."

"కుప్పుసామి వస్తే?"

"చెప్పొద్దు."

"నువ్వే వస్తే?"

"రాళ్లేసి తరుము."

చెంగమ్మ పకపకా నవ్వింది. అతడు నవ్వలేదు.

తిరుగు బస్సులో ప్రూఫులు తీసి ఆ వాక్యం కొట్టేశాడు. దాని పక్కన, బస్సు కుదుపులకు వంకరపోయిన అక్షరాలతో రాశాడు: మంగకాయలతో పట్టాం. తర్వాత వెళ్లి చూస్తే ఒక్కటే కనిపించింది. చదివినవాళ్లు ఏమంటారో ఊహించుకోగలడు. పెన్ను మూసి, తిరుపతి వచ్చేదాకా, సీసా మూత తిప్పిన ఆ కుడిచేతితో కిటికీ కమ్మీని గట్టిగా పట్టించి ఉంచాడు.