లైట్లు ఆర్పి అడిగిన ప్రశ్న

సూటుబాబంటే నాకు మొదటి రోజు నుంచీ ఒళ్లుమంట. వినపడని పిల్లల స్కూలుకు కొత్త డైరెక్టరుగా వచ్చాడు, ఇన్నాళ్లయినా ఒక్క సైగ నేర్చుకుంటే ఒట్టు. నేను అక్కడ సైగల దుబాసీని. ఆయన మాటల్ని తల్లిదండ్రులకు చేతులతో చెప్పాలి, వాళ్ల చేతుల మాటల్ని ఆయనకు నోటితో చెప్పాలి. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి కూడా వినపడదు. మా అక్కకూ వినపడదు. ఆమె ఆరేళ్ల కొడుకు అక్కడే చదువుతున్నాడు.

ఆ రోజు మీటింగు సైగల క్లాసుల గురించి. వాటిని ఎత్తేసి, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకోవడం ఒక్కటే నేర్పించాలని సూటుబాబు పంతం. తల్లిదండ్రులు ఊఁ అంటే మర్నాటి నుంచే క్లాసులు బంద్. అక్క ముందు వరసలో కూర్చుంది.

సూటుబాబు లాప్‌టాప్ తెరిచి లైట్లు తీసేయమన్నాడు. ప్యూను తీసేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, చీకట్లో నా చేతులు వాళ్లకి కనపడవు. లైట్లు వేయించండి."

"వేస్తే స్లైడ్లు కనపడవమ్మా. ఎంత కష్టపడి చేశాననుకున్నావు! అన్నీ అందులోనే ఉన్నాయి, చదువుకుంటారు."

అన్నీ ఉన్నమాట నిజమే. లేత పసుపు మీద తెల్లటి అక్షరాలు, ఒక్కో స్లైడు నిండా చీమల బారులు. ముందు వరసకే ఆనని ఆ రాతను, జనానికి వీపు చూపించి, తెరకేసి తిరిగి, పొల్లు పోకుండా చదవడం మొదలుపెట్టాడు. పెదవులు చూసి నేర్చుకోమనే పెద్దమనిషి తన పెదవులు గోడకు చూపిస్తున్నాడు. ఏం తెలివి, ఏం తెలివి!

"సార్, కనీసం ఇటు తిరిగి మాట్లాడండి."

"మధ్యలో అడ్డుపడకు. నీ పని నువ్వు చూసుకో."

నా పని చూసుకోనిస్తే కదా! వెనక నుంచి ఎవరో పాపం సెల్‌ఫోను లైటు నా చేతుల మీదికి వేశారు. "ఎవరది? ఆపండి," అని గదిమాడు. వినపడనివాళ్లను గదిమేవాణ్ణి అప్పుడే చూశాను. ప్యూను వెళ్లి ఆపించాడు.

చివరికి తెర మీంచి చూపు తిప్పకుండానే, "క్లాసులు తీసేయడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అడిగాడని తెలిస్తే కదా ఎత్తడానికి! "సంతోషం. అందరూ ఒప్పుకున్నట్టు రాసుకో," అని గుమాస్తాకు చెప్పాడు.

ఇక ఊరుకోలేకపోయాను. వెళ్లి లైట్లన్నీ వేశాను. కుర్చీ ఎక్కి అదే ప్రశ్న చేతులతో అడిగాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. హాల్లో చెయ్యెత్తనివాళ్లు లేరు. అక్క రెండూ ఎత్తేసింది.

"ఏం చెప్పావు వాళ్లకి? ఎక్కించావు కదూ?" సూటుబాబు అరిచాడు.

"మీరడిగిందే అడిగాను సార్. కావాలంటే లెక్కపెట్టుకోండి."

గుమాస్తా చడీచప్పుడు లేకుండా తను రాసింది కొట్టేశాడు.

అక్క లేచి ఆయన ఎదుటికి వచ్చింది. మామూలుగా అయితే ఆమె మాటలకు కాస్త మర్యాద అద్ది చెప్పేదాన్నే. ఆ రోజు బుద్ధి పుట్టలేదు.

"మా అక్క అంటోంది: నా కొడుకు నాతో మాట్లాడేది చేతులతోనే. అది ఆపేసి వాడికి ఏం నేర్పుతావు? అమ్మని చూసి సిగ్గుపడటమా? ఆ తెర వదిలి, నా మొహం చూసి చెప్పు."

ఆయన రిమోటు నొక్కాడు. నేను ప్రొజెక్టరు వైరు పీకేశాను. హాలంతా ఆయన పెదవులకేసే చూస్తోంది. అవి తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్లీ తెరుచుకున్నాయి.

అక్క నావైపు తిరిగి, "ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

"లేదక్కా, ఏమీ అనలేదు," అని చేతులతోనూ చెప్పాను, ఆయనకు వినపడేలా నోటితోనూ చెప్పాను.