చదవని ఒక్క కాయితం

అమీర్‌పేటలో అందరికీ తొందరే. విజయరత్నం బల్ల దగ్గర మాత్రం ఆ తొందర చెల్లేది కాదు. మెట్రో మెట్ల పక్క సందులో, నోటరీ అచ్యుతరావు గారి గదిలో ఇరవై రెండేళ్ళుగా టైపు కొడుతున్నాడాయన. హాస్టలు పిల్లలు, పేరు మార్చుకునే కొత్త పెళ్ళికూతుళ్ళు, అద్దెకు దిగేవాళ్ళు వస్తూనే పెన్ను తీసి సంతకం ఎక్కడ పెట్టాలని అడిగేవారు. ఆయన కాయితం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించి, అర్థమైందని వాళ్ళ నోటితో అనిపించుకున్నాకే చెయ్యి తీసేవాడు. పక్క గదుల్లో రెండు నిమిషాల్లో స్టాంపు పడేది. ఈయన చర్చిలోలాగా వాక్యం చదువుతున్నాడర్రా అని పిల్లలు నవ్వుకునేవారు. ఇప్పుడు నవ్వితే తర్వాత ఏడ్చే పని ఉండదని ఆయన జవాబు.

అంత చాదస్తుడూ ఒక్క కాయితం చదవకుండా సంతకం పెట్టాడు. పెట్టించుకున్నవాడు సొంత తమ్ముడు ఫ్రెడ్డీ.

తండ్రి పోయేనాటికి ఫ్రెడ్డీకి పదేళ్ళు. విజయరత్నమే చదివించాడు, పెళ్ళి చేశాడు. వదిన సెరీనా అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచింది. ఆ దంపతులకు పిల్లలు లేరు, ఉన్నాడనుకున్నది వీడే. ఎనిమిదేళ్ళ కిందట సెరీనా పోయింది. ఆమెను పెట్టిన సమాధుల తోట అప్పటికే నిండిపోయింది. కొత్త గుంటకు చోటు లేదు. ఉన్న సమాధిని ఆ కుటుంబం ఒప్పుకుంటే ఇంకొక్కసారి తెరుస్తారు, ఆ తర్వాత ఇక తెరవరు. అందుకే రాతిపలకకు పై సగంలోనే సెరీనా పేరు చెక్కించి, కింది సగం నున్నగా వదిలేయించాడు విజయరత్నం. అది ఆయన చోటు. "ఆలస్యంగానే రా, కానీ నా దగ్గరికే రా" అని సెరీనా చివర్లో మాట తీసుకుంది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, ఆ నున్నటి సగాన్ని జేబురుమాలుతో తుడిచి వచ్చేవాడు. చావంటే ఆయనకు భయం లేకపోవడానికి ఆ రాయే కారణం.

సోమవారం మధ్యాహ్నం పంజాగుట్ట ఆసుపత్రి నుంచి ఫ్రెడ్డీ ఉరుకుతూ వచ్చాడు. వాడి అత్త, అంటే భార్య జాయ్సీ తల్లి జీవమణి ఐసీయూలో ఉంది, డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. ఆసుపత్రివాళ్ళు ఇంటి పెద్ద సంతకంతో నోటరీ కాయితం అడుగుతున్నారని, బయట టైపు చేయించుకొచ్చిన రెండు పేజీలు బల్ల మీద పెట్టాడు. సంతకం పెట్టే పేజీ పైన ఉంది. అలవాటు కొద్దీ విజయరత్నం చెయ్యి కింది పేజీ మీదికి పోయింది.

"ఏందన్నా, నా కాయితం సుత చదువుతవా?" అన్నాడు ఫ్రెడ్డీ.

విజయరత్నానికి సిగ్గేసింది. కళ్ళు ఎర్రబడి నిలబడ్డ తమ్ముణ్ణి గిరాకీలాగా చూశానే అనుకొని గబగబా సంతకం పెట్టాడు. "చదివారా విజయరత్నం గారూ?" అని అచ్యుతరావు గారు తన కుర్చీలోంచి అడిగారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. విజయరత్నం తల ఊపాడు. స్టాంపు పడింది.

బుధవారం జీవమణి కన్ను మూసింది. గురువారం పెట్టెకు ఒక పక్క విజయరత్నం కూడా భుజం పట్టాడు. సమాధుల తోటలో నాలుగడుగులు వేసేసరికి దారి తన కాళ్ళకు తెలిసిన దారే అయింది. మలుపు తిరగగానే సెరీనా రాయి ప్రహరీగోడకు ఆనించి కనిపించింది. దాని చోట గుంట తవ్వి ఉంది.

పొరపాటున తవ్వారనుకొని, పెట్టెను గుంట పక్కన దించగానే కాపలాదారు రాజనర్సయ్యను పిలిచాడు. రాజనర్సయ్య గదిలోంచి కాయితం తెచ్చి చేతిలో పెట్టాడు.

"నువ్వే ఇచ్చినవ్ గద సారూ. నోటరీ సుత ఉన్నది."

సంతకం తనదే. స్టాంపు తన గదిదే. విజయరత్నం తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆమెకు ఈ ఊళ్ళె చోటు లేదన్నా," ఫ్రెడ్డీ నేల చూస్తూ అన్నాడు. "జాయ్సీ ఒకటే ఏడుపు. నిన్నడిగితే ఇయ్యవని తెలుసు."

నిజమే, అడిగితే ఇచ్చేవాడు కాదు. కాళ్ళు పట్టుకున్నా ఇచ్చేవాడు కాదు. అది తెలిసే వీడు, చదవబోయిన అన్నను సిగ్గుపడేలా చేశాడు. వదిన చేతి ముద్దలు తిన్నవాడు ఆమె పక్కన చోటు ఎత్తుకుపోయాడు. ఒక్క మాట అంటే పెట్టె ఆగిపోతుంది. కానీ ఆ పెట్టెలోని మనిషి ఏ పాపమూ ఎరగదు. తల్లి తలాపున కూర్చున్న జాయ్సీ తలెత్తి ఆయననే చూస్తోంది. పాస్టరు గారు దగ్గరికి వచ్చి, అభ్యంతరం ఏమైనా ఉందా అని మెల్లగా అడిగారు.

విజయరత్నం కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి పేజీ పైకి తీసి, రోజూ బల్ల దగ్గర చదివే గొంతుతోనే, వచ్చినవాళ్ళందరికీ వినబడేలా చదివాడు. తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు చదివాడు. నా భార్య సెరీనా సమాధిలో శ్రీమతి జీవమణిని ఉంచడానికి మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నాననీ, ఇకపై అందులో నాకు ఏ హక్కూ ఉండదనీ చదివాడు. అక్కడ ఆగి, మళ్ళీ అందుకున్నాడు. ఇదంతా చదివి, అర్థం చేసుకొని, ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేశానన్న చివరి ముక్క దాకా వదలకుండా చదివాడు. ఫ్రెడ్డీ తల ఎత్తలేదు.

"కానియ్యండి అయ్యగారూ," అన్నాడు విజయరత్నం.

పెట్టె దిగింది. అందరితోపాటు ఆయనా గుప్పెడు మన్ను వేశాడు. జనం కదిలాక గోడ దగ్గరికి వెళ్ళి, జేబురుమాలు తీసి, రాయి కింది సగం తుడవబోయి ఆగిపోయాడు. పై సగం మీది సెరీనా పేరు మాత్రం తుడిచాడు. వెనకాల ఫ్రెడ్డీ వచ్చి నిలబడ్డాడు.

"మాఫ్ చెయ్యన్నా."

"చేస్త," అన్నాడు విజయరత్నం, వెనక్కి తిరగకుండానే. "రాసి పట్టుకరా. చదివి సంతకం పెడత."