ముప్ఫై ఎనిమిది విసుర్లు

మస్కీ అంటే పదివేల విసుర్ల చేప అని, గాలం అన్నిసార్లు విసిరితేగాని చిక్కదని ఉత్తర విస్కాన్సిన్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఆ చేపకి మొసలి మూతి, జమీందారు పొగరు. ఎర వెనకాలే పడవ దాకా వస్తుంది, పడవలో ఉన్నవాడి మొహం ఓసారి చూస్తుంది, నచ్చక వెనక్కి పోతుంది. పదివేలన్నది మాట వరసకి అన్నది. ఆ సంగతి డెల్మర్ కోస్కీకి తప్ప అందరికీ తెలుసు.

డెల్మర్ కాగితం మిల్లులో కట్టకి ఐదొందల కాగితాలున్నాయో లేదో చూసే ఉద్యోగి. పదివేలంటే అతనికి పదివేలే. ఇరవై ఆరేళ్ళ కిందట స్ప్లిట్ పైన్ ఊరి బారులో నలుగురి ముందూ బల్ల గుద్ది చెప్పాడు: "పదివేలసార్లు విసురుతా. అప్పటికీ చిక్కలేదా, పడవ అమ్మేసి బౌలింగ్ బంతి దొర్లించుకుంటా." కోస్కీల వంశంలో ఇచ్చిన మాట తప్పినవాడు లేడు. దానివల్ల బాగుపడినవాడూ లేడు.

లెక్కపెట్టే పని అతని భార్య ఆర్డిస్‌ది. బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరిగే చిన్న కౌంటరు పట్టుకుని పడవ వెనక భాగంలో కూర్చుంటుంది. అతను విసిరినప్పుడల్లా నొక్కుతుంది. ఏడాదికి ఒక్కసారే, స్ప్లిట్ పైన్ చుట్టుపక్కల సరస్సుల్లో, అక్టోబరు మొదటి శుక్రవారం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా.

ఆర్డిస్ ఆరేళ్ళుగా ఆ లెక్కలో దొంగతనం చేస్తోంది. మూడు విసుర్లకి ఒకటే నొక్కుతోంది.

కారణానికీ చేపకీ సంబంధం లేదు. ఇంట్లో డెల్మర్ మాట్లాడడు. "ఉప్పు", "చలేస్తోంది", "టైర్లో గాలి తగ్గింది." ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురం చాలావరకు ఈ మూడు ముక్కల మీదే నడిచింది. కానీ పడవెక్కి, ఆమెకి వీపు తిప్పి గాలం విసరడం మొదలుపెట్టాడా, ఆ మనిషికి నోరొస్తుంది. మిల్లులో ఏ యంత్రమంటే తనకి భయమో చెబుతాడు. పెళ్ళినాడు చర్చిలో మోకాళ్ళు ఎలా కొట్టుకున్నాయో చెబుతాడు. ఎవరితోనూ అననివన్నీ నీళ్ళతో అన్నట్టు అంటాడు. అంటే ఆర్డిస్‌కి మొగుడు ఏడాదికి రెండున్నర రోజులు దొరుకుతాడు. కౌంటరు తొమ్మిదివేల వంద చేరిన రోజున ఆమెకి భయం పట్టుకుంది. పడవ పోతే ఈ మొగుడూ పోతాడు. అప్పట్నుంచి బొటనవేలు బద్ధకించింది.

రోజుకి పడే విసుర్లు తగ్గిపోవడం డెల్మర్ చూడకపోలేదు. భుజం అరిగిపోయిందనుకున్నాడు. డాక్టరుకి చూపించుకుని లేపనం కూడా తెచ్చుకున్నాడు. ఆర్డిస్ రోజూ దాన్ని ఆ భుజానికి రాసేది. తప్పు చేసిన మనిషి కాబట్టి కాస్త గట్టిగానే రుద్దేది.

ఎంత బద్ధకించినా అంకె పెరక్క మానదు కదా. ఈ ఏడు స్ప్లిట్ పైన్‌లో దిగేసరికి కౌంటరు మీద తొమ్మిదివేల తొమ్మిది వందల అరవై రెండు ఉంది.

శుక్రవారం పొద్దున డెల్మర్ పడవని నీళ్ళలోకి దించనే లేదు.

"ఇంకా ముప్ఫై ఎనిమిదే ఉన్నాయి. ఎక్కడ విసరాలో తేలిందాకా ఒక్కటీ విసరను" అన్నాడు.

"నేనో మాట చెప్పనా..." అంది ఆర్డిస్.

"ఆగు, రోలీని అడిగొస్తా."

రోలీది ఎరల కొట్టు. ఆ ఊళ్ళో దొంగని క్షమిస్తారుగాని, మస్కీ ఎక్కడుందో నిజం చెప్పినవాణ్ణి క్షమించరు. కాబట్టి రోలీ "సుత్తి సరస్సుకి పో, కళ్ళు మూసుకుని విసురు" అనగానే డెల్మర్ జేబులోంచి పటం తీసి సుత్తి సరస్సు కొట్టేశాడు. రోలీ చెప్పాడంటే అక్కడ లేదన్నమాట. ఈ ఉపాయం తట్టినందుకు తనని తానే మెచ్చుకుని, ఇక ఊరి మీద పడ్డాడు. చుట్టుపక్కల సరస్సులు పద్దెనిమిది. బారు నడిపే బడ్ "వంకర సరస్సు" అన్నాడు, అదీ పోయింది. పెట్రోలు బంకువాడు సాలీడు సరస్సు అన్నాడు, అదీ పోయింది. పోస్టాఫీసులో ముగ్గురు మూడు చెప్పారు. పాస్టర్ లుండీన్‌ని కూడా వదల్లేదు.

"అక్కచెల్లెళ్ళ సరస్సు నాయనా" అన్నాడు పాస్టరు, కళ్ళు నేల మీదికి దించుకుని. ఆ దించుకోవడం చూసి డెల్మర్ దాన్ని రెండు గీతలతో కొట్టేశాడు.

సాయంత్రం వేయించిన చేపా, బంగాళాదుంపలూ తింటుండగా పటం బల్ల మీద పరిచాడు. పదిహేడు మందిని అడిగాడు, పదిహేడు సరస్సులు పోయాయి. ఒక్కటి మిగిలింది.

"గిన్నె సరస్సు" అన్నాడు, గుడిలో మాట్లాడినంత మెల్లిగా.

"అందులో చేపల్లేవు డెల్. పిల్లలకి ఈత నేర్పేది అందులోనే."

"ఎవరు చెప్పారు?"

"ఒడ్డున బోర్డే ఉంది. చేపలు లేవు అని ఇంతింత అక్షరాలతో."

డెల్మర్ ఫోర్కు కింద పెట్టాడు. "చూశావా మరి! పదిహేడు మంది నోరు కట్టేసుకోవడం ఒక ఎత్తు. బోర్డు కూడా పాతారంటే ఎంత పెద్ద చేప ఉండాలి!"

"నడుము లోతు నీళ్ళు! చలికాలం అడుగుదాకా గడ్డకడుతుంది. చేప ఎలా బతుకుతుంది?"

"అదే నేనూ అనుకుంటున్నా. ఎంత మొండిదో!"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో ఎవరేం వాదిస్తారు? ఆర్డిస్ తన పళ్ళెంలో చేపముక్కని ఫోర్కుతో పొడిచింది. సరే, ఎక్కడ విసిరితే నాకేం, నొక్కేది నేనేగా అనుకుంది.

శనివారం పొద్దున గిన్నె సరస్సు మధ్యలో ఆ ఆశా పోయింది.

"ఇవాళ నేనూ పైకి లెక్కపెడతా. ఆఖరివి కదా, వినాలనుంది" అన్నాడు డెల్మర్.

"ఒకటి" అని విసిరాడు. ఆర్డిస్ నొక్కింది. నొక్కక చస్తుందా? ఎర పడవ పక్కకి రాగానే, మస్కీ వేటగాళ్ళందరి లాగే, గాలపు కర్ర నీళ్ళలో ముంచి ఎనిమిది అంకె చుట్టినట్టు తిప్పాడు. ఏమీ లేదు. "రెండు." భయాలు లేవు, పెళ్ళి ముచ్చట్లు లేవు, వట్టి అంకెలు. ఆమెకి మిగిలిన ఆఖరి పొద్దు కూడా అంకెలకే సరిపోతోంది. ఆర్డిస్‌కి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

పడవ మీద దుప్పటి కప్పి, దొడ్డిదారిన, ఎవరికీ చెప్పకుండా వచ్చారు. దొడ్డిదారిన వచ్చారు కాబట్టే రోలీ చూశాడు. "ముప్ఫై ఎనిమిదే ఉన్నవాడు ఊరికే విసరడు. వీడికేదో తెలిసింది" అనుకుని తన పడవ మీదా దుప్పటి కప్పాడు. రోలీ దుప్పటి కప్పడం బడ్ చూశాడు. ఇక గొర్రెదాటే. "పదకొండు" అనేసరికి గిన్నె సరస్సులో తొమ్మిది పడవలు, "ఇరవై" అనేసరికి ఇరవై ఒకటి. తెడ్లు అడుగు తాకుతున్నాయి. గాలపు తాళ్ళు ఒకదానికొకటి చిక్కుకుని అల్లికయ్యాయి.

"మీరేంటిక్కడ పాస్టర్ గారూ? అక్కచెల్లెళ్ళ సరస్సు అన్నారుగా?" అన్నాడు రోలీ.

"దేవుడు తోడుకొచ్చాడు నాయనా. నిన్నెవరు తోడుకొచ్చారు?"

ఇంతలో బడ్ కెవ్వుమన్నాడు. "వెనకాలే వచ్చింది! నా ఎర వెనకాలే! నాలుగడుగులుంటుంది!" పాపం, పొద్దున్నుంచి పిల్లల ఈతగుంటలో గాలమేసుక్కూర్చున్నానని ఏ మగాడు ఒప్పుకుంటాడు? రెండు నిమిషాల్లో రోలీకీ వచ్చింది, నాలుగున్నర అడుగులది. పెట్రోలు బంకువాడికి జంటగా వచ్చాయి. మధ్యాహ్నానికి ఆ నడుము లోతు నీళ్ళలో పదకొండు మస్కీలు తిరుగుతున్నాయి, నాలుగడుగులకి తక్కువది ఒక్కటీ లేదు. డెల్మర్ మాత్రం ఎవరడిగినా "ఏమీ రాలేదు" అనే అంటున్నాడు.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు చివరికి.

ఇరవై ఒక్క పడవల్లో టోపీలు దిగాయి. ఎర లేచి, వంపు తిరిగి, దూరంగా పడింది. ఆర్డిస్ నొక్కింది. పదివేలు. డెల్మర్ మెల్లమెల్లగా చుట్టాడు. పడవ పక్కన ఎనిమిది తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, ఏడుసార్లు తిప్పాడు. ఏడోసారి కర్ర బరువెక్కింది. ఎత్తి చూస్తే పిల్లాడి మేజోడు.

"పొడుగెంత?" అన్నాడు పాస్టరు, అలవాటు కొద్దీ.

డెల్మర్ కొలిచాడు. "పధ్నాలుగు అంగుళాలు."

"మస్కీ నలభై అంగుళాలకి తక్కువుంటే ఉంచుకోకూడదు. వదిలెయ్యాలి" అన్నాడు రోలీ, గంభీరంగా. డెల్మర్ మేజోడుని రెండు చేతులతో పట్టుకుని, మెల్లిగా నీళ్ళలోకి వదిలాడు. అది మునిగిపోయేదాకా ఎవరూ నవ్వలేదు.

అప్పుడతను నిలబడి, "పదివేలయ్యాయి. నాకు ఒక్కటీ వెనకాల రాలేదు. పడవ అమ్మకానికుంది" అన్నాడు.

"మోటారుతో సహానా?" అన్నాడు రోలీ వెంటనే.

ఆర్డిస్ మొగుడి వీపు చూసింది. ఇంతమంది అబద్ధాల మధ్య ఈ పిచ్చిమాలోకం ఒక్కడే నిజం చెప్పాడు, దానికి ఈ శిక్ష. ఇక ఆమె వల్ల కాలేదు.

"డెల్, ఇటు తిరుగు" అంది, పక్క పడవకి వినపడనంత మెల్లిగా. "ఇది పదివేలోది కాదు."

"నేనూ లెక్కపెట్టాగా."

"ఇవాళ్టివి సరే. అసలు పదకొండువేల ఏడొందలు దాటాయి. నేనే నొక్కలేదు. ఆరేళ్ళ నుంచి."

డెల్మర్ చాలాసేపు లెక్క వేసుకున్నాడు. పెదాలు కదిలాయి.

"అయితే పడవ ఎప్పుడో నాలుగేళ్ళ కిందటే అమ్మాల్సింది."

"అవును."

"నాలుగేళ్ళుగా మాట తప్పినవాణ్ణి నేను!"

"నువ్వు తప్పలేదు. నేను తప్పించాను."

"ఎందుకే?"

"నువ్వు నాతో మాట్లాడేది ఇందులోనే కనక. ఇంట్లో నీకు ఉప్పు తప్ప ఇంకేం కావాలి? ఈ పడవ పోతే నాకెవరు మిగుల్తారు?" అంది. అనేసరికి కళ్ళనిండా నీళ్ళు.

డెల్మర్ కర్ర పక్కన పెట్టి, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. ఆ పడవలో అలా కూర్చోవడం అతనికి అదే మొదలు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మాటంటే మాటే. అమ్మాల్సిందే" అన్నాడు.

"అమ్ము. నేను కొంటా."

"ఏమిస్తావు?"

"ఫ్లాస్కులో కాఫీ ఉంది."

"పంచదార వేశావా?"

"వేశా."

"నేను దానికన్నా ఎక్కువే ఇస్తా!" అని అరిచాడు రోలీ. 'అమ్ము' అన్న మాట మాత్రం అతనికి బాగానే వినిపించింది.

"నువ్వు నోర్ముయ్" అన్నాడు డెల్మర్. కాఫీ తాగేశాడు. పడవ ఆర్డిస్‌దైపోయింది. మోటారు మీట ఆమె చేతికిచ్చి, "ఓనరు నువ్వు. రేపు మధ్యాహ్నం దాకా టైముంది. ఎక్కడికి పోదాం?" అన్నాడు.

ఆ మాట ఇరవై ఒక్క పడవలకీ వినిపించింది. చుట్టూ గాలపు రీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఊళ్ళో పదిహేడు మందిని అడిగినవాడు ఆమెని అడగడం ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ఆర్డిస్ అందరి వైపూ ఓసారి చూసింది.

"సుత్తి సరస్సు" అంది బిగ్గరగా. "ఉత్తరపు ఒడ్డున, రెండు బండల మధ్య. నా కళ్ళతో చూశాను."

ఆర్డిస్ కోస్కీ పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడిందని ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. ఇరవై ఒక్క మోటార్లు ఒక్కసారి లేచాయి. తాళ్ళు తెంపుకుని, ఒకరినొకరు తోసుకుని, అందరూ ఒడ్డున పడ్డారు. అందరికన్నా ముందు పోయింది పాస్టరు బండి. ఐదు నిమిషాల్లో సరస్సు మీద వాళ్ళ ఒక్క పడవే మిగిలింది.

"పోనీ, వాళ్ళకన్నా ముందు పోగలమా?" అన్నాడు డెల్మర్, ఆత్రంగా.

"అక్కడేం లేదు. ఉన్నది వంకర సరస్సులో, పడిపోయిన చెట్టు కింద. కిందటేడు నీ ఎర వెనకాలే మూడుసార్లు వచ్చింది. పడవ పక్కన ఆగి నన్ను చూసింది కూడా. నాలుగడుగుల పైనే."

డెల్మర్ లేవబోయాడు, పడవ ఊగింది, మళ్ళీ కూర్చున్నాడు. "మూడుసార్లు! మరి నేను?"

"నువ్వు ఆకాశం వంక చూస్తూ చెబుతున్నావు, మీ అన్న మంచులో పడిపోయిన రోజు సంగతి. చేప వచ్చిందంటే ఆపేస్తావని నేను కదల్లేదు. మూడోసారి వచ్చి పోయాక వాన మొదలై, నీ సంగతి సగంలో ఆగింది. నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

డెల్మర్ మోటారు వైపు చూశాడు. వంకర సరస్సు పావుగంట దారి. ఇంకా బోలెడు వెలుతురుంది. కర్ర అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎక్కడిదాకా చెప్పాను?" అన్నాడు.